కిటికీ వెనక ఊనా

సోమవారం పొద్దున కిల్‌డోరన్ చిన్నపిల్లల బడి తలుపులు తీసేసరికి ఊనా అందరికంటే ముందే వెళ్లి గోడవారగా కూర్చుంది. కూర్చుంది అనేకంటే ఇరుక్కుంది అనడం సబబు. ఆ కుర్చీలు ఏడేళ్ల పిల్లల కోసం చేయించినవి. ఊనాకి అరవై రెండు. మోకాళ్లు దాదాపు గడ్డానికి తగులుతున్నాయి. చేతిసంచీలోంచి రేకు వేణువు తీసి ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎవరూ చూడకుండా స్వెట్టరు అంచు కప్పింది.

పోస్టాఫీసు ఉద్యోగంలోంచి దిగిపోయిన వారానికే ఆ వేణువు కొంది. మొగుడు డెక్లన్ పొలంలో ఉన్నప్పుడు వంటగది తలుపు మూసుకుని ఊదుకునేది. రెండేళ్లు అలా గడిచాక, జూలైలో వారం రోజులు కిల్‌డోరన్‌లో వేణువు పాఠాలు చెబుతారని తెలిసి పేరు రాయించుకుంది. "ఈ వయసులోనా?" అన్నాడు డెక్లన్. బంగాళదుంపలు తానే ఉడకేసుకుంటానని చెప్పి, దగ్గరుండి బస్సెక్కించాడు.

తరగతికి పదకొండు మంది చేరారు. ఎక్కువమంది కుర్రవాళ్లు. హాలండు నుంచి వచ్చిన పళ్ల డాక్టరొకాయన ఊనా పక్కన మరో బుల్లి కుర్చీలో ఇరుక్కుని, "మన నడుములకి శనివారం దాకా ఆయుష్షు ఉందంటారా?" అని అడిగాడు.

గురువుగారి పేరు సెనన్ హోనన్. అరవై అయిదేళ్ల మనిషి. పొద్దున పాలు పితికి ఆ చేతులతోనే వచ్చినట్టున్నాడు. టీ ఫ్లాస్కు పిల్లల బల్ల మీద పెట్టి అందరి మొహాలూ ఓసారి కలయజూశాడు.

"కాగితాలేమైనా ఇస్తారా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"దేనికమ్మా? చెవులు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నాడు సెనన్. అందరూ నవ్వారు. "నేను వాయిస్తాను, మీరు వినండి. ముక్క ముక్కగా విరిచి పెడతాను. కావాలంటే ఫోన్లలో ఎక్కించుకోండి. మా రోజుల్లో అదీ లేదు. రాత్రి విన్నది తెల్లారేసరికి సగం పోయేది. పోయినచోట సొంతం అతికించుకునేవాళ్లం."

తర్వాత ఒక్కొక్కరి పేరూ అడిగాడు. ఊనా వంతు వచ్చినప్పుడు, "ఊనా కన్సిడీన్" అంది.

"ఊనానా?" అని ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "నీ పేరు మీద నా దగ్గరో బాణీ ఉంది. బుధవారం దాకా ఓపిక పట్టు. అది కాస్త మెలిక ఉన్నది."

ఊనా సిగ్గుపడి తలవంచుకుంది. తన పేరు మీద ఎవరో ఎప్పుడో ఏదో కట్టి ఉంటారు. ఆ పేరు ఊరికి నలుగురికి ఉంటుంది.

ఆమె దిగిన ఇల్లు కన్సెప్టా మీహన్ అనే ముసలావిడది. ఆ వారం ఊళ్లో ఖాళీ మంచమనేది ఉండదు. కన్సెప్టా తన కుట్టుమిషను గదినే ఇచ్చింది. "చూడు తల్లీ, బేకన్ కావాలంటే పెడతాను, గుడ్లు కావాలంటే పెడతాను. ఆ రేకు ముక్కని మాత్రం ఇంట్లో ఊదకు. నా కుక్క ఏడుస్తుంది," అని మొదటిరోజే చెప్పేసింది. ఊనా సముద్రపు ఒడ్డుకి వెళ్లి రాళ్ల మీద కూర్చుని సాధన చేసుకునేది. సోమ మంగళవారాలు అలా హాయిగానే గడిచాయి. రెండు చిన్న బాణీలు చేతికొచ్చాయి. చాలా ఏళ్లుగా ఎరగని తేలికదనం ఒకటి భుజాల మీదికి వచ్చింది.

బుధవారం సెనన్ మాట నిలబెట్టుకున్నాడు.

"ఇవాళ్టిది జిగ్. దీని పేరు 'కిటికీ వెనక ఊనా'. కిటికీ అంటే పోస్టాఫీసు కిటికీ, ఊచలున్నది." అలా చెప్పి వాయించాడు.

బాణీ, జిగ్ అనే చిందు నాట్యపు బాణీలన్నిటిలాగే, గంతులేస్తూ మొదలైంది. రెండో భాగంలోకి వచ్చేసరికి మెట్లు దిగినట్టు దిగి, అడుగున కాసేపు తచ్చాడి, తప్పదన్నట్టు మళ్లీ పైకెక్కింది. ఊనా ఒంటి మీద రోమాలు లేచాయి. పోస్టాఫీసు అన్నమాటకి అనుకుంది. ముప్పై తొమ్మిదేళ్లు అలాంటి కిటికీ వెనకే కూర్చుంది మరి.

"ఇది ఎవరు కట్టారు?" డాక్టరు అడిగాడు.

"లండన్‌లో నాతోపాటు ఒకే గదిలో ఉన్నాడు, ఫింటన్ అని. మన జిల్లావాడే, కొండకి అవతలవైపు. పగలంతా సిమెంటు మోసేవాళ్లం. కొయ్య వేణువు వాయించేవాడు. అలా వాయించినవాణ్ణి నేను తర్వాత చూడలేదు. ఊనా అంటే వాడి చెల్లెలు..."

ఊనా లేచింది. కుర్చీ ఆమెతోపాటు లేచి కింద పడింది. ఎవరివైపూ చూడకుండా తలుపు తీసుకుని బయటికి నడిచి, పిల్లల మరుగుదొడ్డి గదిలోకి దూరింది. చేతులు కడుక్కునే తొట్లు మోకాలెత్తున ఉన్నాయి. వాటి ముందు నేల మీద కూలబడిపోయింది.

ఫింటన్ ఆమె అన్న. నాలుగేళ్లు పెద్ద. ఇరవై అయిదో ఏట, పొలం నాకొద్దు అని తండ్రి మొహం మీదే చెప్పి వెళ్లిపోయాడు. అప్పటికి తల్లి పక్షవాతంతో మంచం పట్టి ఉంది. ఊనాకి డబ్లిన్‌లో నర్సు చదువుకి సీటొచ్చి ఉంది, సెప్టెంబరులో వెళ్లాలి. అన్న మే నెలలో వెళ్లాడు. ఇక ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. ఊళ్లో పోస్టాఫీసులో చిన్న ఉద్యోగం చూసుకుని, పొద్దునా సాయంత్రం తల్లికి చేసేది.

ఆ శీతాకాలం మొదటి ఉత్తరం వచ్చింది. పొద్దున సంచీ విప్పి ఉత్తరాలు వేరుచేసే పని ఆమెదే కాబట్టి, అది మొదట పడింది ఆమె చేతిలోనే. మీద తన పేరే ఉంది. తండ్రి ముందే చెప్పి ఉన్నాడు: "వాడి ఉత్తరం ఈ గడప దాటి లోపలికొస్తే, నువ్వు గడప దాటి బయటికెళ్తావు." తండ్రికి భయపడిందన్నది నిజం. కానీ తండ్రి ఆ పోస్టాఫీసులో లేడు. జేబులో వేసుకుంటే అడిగేవాడు లేడు. ఊనా కలం తీసుకుని, 'స్వీకరించలేదు, పంపినవారికి తిరిగి' అని గుండ్రంగా రాసి, ముద్ర కొట్టి, వెళ్లే సంచీలో వేసింది. రాస్తున్నప్పుడు ఆమెకి కలిగింది భయం కాదు. నువ్వు నా చదువుని తీసుకుపోయావు, ఇదిగో తీసుకో, అన్న కసి.

రెండేళ్లలో తొమ్మిది ఉత్తరాలు. తొమ్మిదింటికీ అదే చేసింది. పదోది రాలేదు. కసి చల్లారాక ఆమె రోజూ సంచీలో వెతికింది. రాలేదు. తండ్రి పోయాక ఎప్పటిదో చిరునామాకి తానే రాసింది. ఆ ఉత్తరం తిరిగి కూడా రాలేదు. మరో మూడేళ్లకి లండన్ నుంచి ఒక చర్చి ఫాదర్ ఫోన్ చేసి, ఫింటన్ ఆస్పత్రిలో పోయాడనీ, ఖననం కూడా అయిపోయిందనీ చెప్పాడు. అప్పటికి అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. ఆ ఉత్తరాల సంగతి ఆమె డెక్లన్‌కి కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఆ బుధవారం ఆమె మళ్లీ తరగతికి వెళ్లలేదు. వెనకదారిన బడి దాటి, తిన్నగా కుట్టుమిషను గదికి వచ్చి పడుకుంది. సాయంత్రం హాలండు డాక్టరు ఆమె సంచీ, వేణువు, ఫోను పట్టుకుని తలుపు కొట్టాడు. "ఫోను కుర్చీ కింద ఉంది. పాఠం అంతా ఎక్కినట్టుంది," అని కన్సెప్టా చేతికిచ్చి వెళ్లాడు.

గురువారం ఆమె మంచం దిగలేదు. కన్సెప్టా టీ పట్టుకొచ్చి, మంచం కోడు దగ్గర నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"జ్వరమా?"

"కాదు."

"మొగుడితో గొడవా?"

"కాదు."

"అయితే లే. ఈ వారంలో నా ఇంట్లో మంచం కోసం జనం కొట్టుకుంటున్నారు. ఏడవడానికైతే మీ ఇంట్లో మంచం లేదూ?" అని, ఒక్కక్షణం ఆగి మంచం మీద కూర్చుని, ఊనా పాదాల మీద దుప్పటి సర్దింది. "చెప్పక్కర్లేదులే. ఆ టీ మాత్రం తాగు, చల్లారిపోతోంది."

ఆమె వెళ్లాక ఊనా ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. బాణీ వచ్చింది. సెనన్ మాటలు వచ్చాయి. కుర్చీ పడ్డ చప్పుడు వచ్చింది. ఆ తర్వాత తాను వినని భాగం మొదలైంది.

"ఆవిడకేమైంది? ఎవరన్నా వెళ్లి చూడండమ్మా... సరే, కాసేపాగి చూద్దాం. ఏం చెప్తున్నాను? ఆ, చెల్లెలు. చెల్లెలంటే ప్రాణం వాడికి. ఊరి నుంచి వచ్చినవాడెవడో, మీ ఊనా పోస్టాఫీసులో కూర్చుంటోందని చెప్పాడట. ఆ వారమే కట్టాడు."

డాక్టరు గొంతు: "ఆ చెల్లెలు దీన్ని విందా?"

"లేదనే అనుకుంటా. ఎక్కడుందో మరి. సరే, మొదటి ముక్క పట్టుకోండి."

ఆ తర్వాత పదిమంది ఆ మొదటి ముక్కని తప్పుగా, మళ్లీ తప్పుగా, కాస్త ఒప్పుగా ఊదడం వినిపించింది. ఊనా దాన్ని చివరిదాకా విన్నది. మళ్లీ మొదటికి తిప్పి విన్నది. సాయంత్రానికి, తనకు తెలియకుండానే, దుప్పటి మీద వేళ్లు ఆ మెట్లు దిగుతున్నాయి.

శుక్రవారం పదకొండున్నరకి టీ విరామంలో సెనన్ బడి వెనక గోడ మీద ఒంటరిగా కూర్చుని ఫ్లాస్కు మూత విప్పుతున్నాడు. ఊనా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"వచ్చావా? ఒంట్లో ఎలా ఉంది?"

"ఫింటన్ మా అన్నయ్య."

సెనన్ మూత చేతిలో పట్టుకునే ఉండిపోయాడు. తర్వాత పక్కకి జరిగి గోడ మీద చోటిచ్చాడు. ఊనా కూర్చుంది.

"నడక అదే," అన్నాడు ఆయన. "సోమవారం నువ్వు గుమ్మంలోంచి వస్తుంటే ఎక్కడో చూశాననుకున్నాను. మా గదిలో ఉన్నన్నాళ్లు ఫింటనూ అలాగే నడిచేవాడు, ఎదురుగాలి ఉన్నట్టు. నేను తిరిగొచ్చాక ఓసారి మీ ఇంటికెళ్లానమ్మా. తాళం వేసుంది. తండ్రి పోయాడనీ, తల్లి ఆస్పత్రిలో ఉందనీ, అమ్మాయికి పెళ్లయి ఎక్కడికో వెళ్లిందనీ అన్నారు. అక్కడితో వదిలేశాను. వెతకాల్సినంత వెతకలేదు."

"మీరు నాకేమీ బాకీ లేరు. నేను చెప్పాల్సిందొకటి ఉంది. విన్నాక మీరు నాకా బాణీ నేర్పకపోయినా నేనేమీ అనుకోను." ఊనా ఒళ్లోని చేతులనే చూస్తూ మాట్లాడింది. "అన్నయ్య రాసిన ఉత్తరాలు తిరిగొచ్చేవి కదా. మా నాన్న తిప్పి పంపాడని అనుకుని ఉంటాడు. నాన్న కాదు, నేను. నా చేత్తో రాసి, నా చేత్తో ముద్ర కొట్టాను. ఒక్కటి కూడా విప్పలేదు. భయపడి కాదు. కోపంతో."

పిల్లల ఆటస్థలంలో ఎవరో కుర్రాళ్లు వేణువులతో ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుకుంటున్నారు. సెనన్ వాళ్లవైపు చూస్తూ ఉన్నాడు.

"వాడికి తెలుసు," అన్నాడు.

ఊనా తలెత్తింది.

"తెలియకపోవడమేంటమ్మా. నీ దస్తూరి వాడికి తెలీదా? వాడే దిద్దించాడట కదా నీకు, చిన్నప్పుడు. మొదటిది తిరిగొచ్చిన రోజు మంచం మీద కూర్చుని చాలాసేపు చూశాడు. నాకూ చూపించాడు. 'మా చెల్లెలి అక్షరం చూడరా, ఎంత ఒద్దిగ్గా నిలబడిందో' అన్నాడు. నాకేం అర్థం కాలేదు. తొమ్మిదీ వేణువు పెట్టెలో, గుడ్డ కింద దాచుకున్నాడు."

"విప్పి చదువుకునేవాడా?"

"తను రాసినవేగా, లోపల ఏముందో తనకి తెలుసు. పైన నువ్వు రాసిన ముక్కే చూసుకునేవాడు. ఇంటి నుంచి వాడికొచ్చిన రాత అదొక్కటే." "ఒకదాని మీద నువ్వు గట్టిగా నొక్కి రాశావు, కాగితం చిరిగింది. అది చూసి నవ్వాడు. 'ఇంకా కోపంగా ఉందిరా. అంటే నేనింకా గుర్తున్నట్టే' అన్నాడు."

ఊనా ఏడవలేదు. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. గోడ రాయిని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి లోపలికి వెళ్లే దారి వెతుక్కుంది.

"మరి రాయడం ఎందుకు ఆపేశాడు?"

"నేనే అడిగాను. 'ప్రతిసారీ దాని చేత ఆ పని చేయించడం పాపం' అన్నాడు."

గంట మోగింది. ఇద్దరూ గోడ దిగలేదు.

"వాటిలో ఏం రాశాడో మీకు తెలుసా?" ఆమె చివరికి అడిగింది.

"తెలీదమ్మా. చెప్పలేదు, నేనడగలేదు. నేను ఎనభై రెండులో వచ్చేశాను. అప్పటికే వాడి ఛాతీ బాగుండేది కాదు, ఆ సిమెంటు దుమ్ము. పోయాడని నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. వేణువు ఏమైందో, పెట్టె ఏమైందో అడగడానికి మనిషి లేడు. గది అద్దెకిచ్చినావిడ దాన్ని ఖాళీ చేయించేసింది." ఆయన చల్లారిన టీ గడ్డి మీద పారబోశాడు. "ఆ బాణీ రెండో భాగంలో, అడుగుకి దిగినచోట, నేనొక స్వరం వదిలేసి ఊపిరి తీసుకుంటాను. అందరూ అది తప్పంటారు. మామూలుగా అక్కడ ఎవరూ ఆగరు. వాడక్కడ ఆగేవాడు, ఇక లాగలేక. నా దగ్గర నేర్చుకున్నవాళ్లంతా అక్కడే ఆగుతారు. రా, నేర్పుతాను."

ఆ రోజు సెనన్ తరగతిని డాక్టరుకి అప్పగించి, "నేర్చుకున్న నాలుగూ వరసగా ఊదండి, గోల పెట్టకండి," అని చెప్పి, ఆ గోడ మీదే ఆమెకి ముక్క ముక్కగా నేర్పాడు. ఊనా వేళ్లు మెట్లు తప్పేవి. ఆయన ఎన్నిసార్లయినా మొదటికి వచ్చాడు. ఒంటిగంటకి బాణీ ఆమెకి వచ్చింది, కుంటుకుంటూ అయినా చివరిదాకా.

శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో అన్ని తరగతులవాళ్లూ వాయించాలి. వేదిక ఎక్కేముందు సెనన్ ఆమెని పక్కకి పిలిచాడు. "వాడి చెల్లెలు ఈ హాల్లో ఉందని చెప్పమంటావా? వాడి పేరు విన్నవాళ్లు కొందరు కూర్చున్నారు. సంతోషిస్తారు."

ఊనా ఆలోచించింది. "నేను చేసింది కూడా చెప్పేట్టయితే చెప్పండి. లేకపోతే వద్దు."

సెనన్ తలూపి వెళ్లాడు. మైకు ముందు, "ఇది ఫింటన్ అనే ఆయన కట్టింది, లండన్‌లో," అని మాత్రం చెప్పాడు.

పదకొండు మంది మొదలుపెట్టారు. ఊనా రెండో వరసలో, డాక్టరు భుజం చాటున నిలబడింది. మొదటి ఆవృత్తి బాగానే వాయించింది. రెండోసారి అడుగుకి దిగినచోట పదకొండు మందీ ఒక్కసారి స్వరం వదిలి ఊపిరి తీసుకున్నారు. ఆ చిన్న శబ్దం హాలంతా వినిపించింది. ఊనా తీసుకున్న ఊపిరి మళ్లీ వేణువులోకి వెళ్లలేదు. వేళ్లు మాత్రం రంధ్రాల మీద ఆడుతూనే ఉన్నాయి. మిగతా పదిమందీ బాణీని పైకి తీసుకెళ్లి ముగించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఆగిపోయిందని డాక్టరుకి తప్ప ఎవరికీ తెలియలేదు. మెట్లు దిగేటప్పుడు ఆయన ఆమె మోచేయి పట్టుకున్నాడు, అంతే.

సాయంత్రం బస్సు దిగేసరికి డెక్లన్ కారు పెట్టుకుని ఉన్నాడు. ఇంటికెళ్లాక బంగాళదుంపలు, చల్లటి మాంసం ముక్కలు బల్ల మీద పెట్టాడు. "ఏమన్నా వచ్చిందా మరి వారం రోజులకి?" అని అడిగాడు.

ఊనా పళ్లెం పక్కకి జరిపి చెప్పింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో చెప్పనిదంతా, మొదటి ఉత్తరం నుంచి గోడ మీద సెనన్ చెప్పినదాకా, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. దుంప తొక్క తీస్తున్న డెక్లన్ తీయడం ఆపాడు. అంతా అయ్యాక కత్తి పళ్లెం మీద నెమ్మదిగా పెట్టాడు.

"చిన్నపిల్లవి అప్పుడు. పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో నీకు," అన్నాడు.

"ఇరవై ఒకటి," అంది ఊనా. "అన్నీ తెలిసిన వయసే."

డెక్లన్ ఆమె పళ్లాన్ని మళ్లీ ఆమె ముందుకి జరిపి, వెన్న గిన్నె దగ్గర పెట్టాడు. ఊనా తినడం మొదలుపెట్టింది.